ఆరింటి బిట్టర్, మూడు ఆలివ్ కాయలు

పాదువా
6 అక్టోబర్ 1976

ఒరేయ్ దనీలో,

నీ ఉత్తరం చేరింది. నేను బాగానే ఉన్నాను, ఎడమ మోకాలు తప్ప. మీ బోర్తొలో మావయ్య కూడా బాగానే ఉన్నాడు, పది మాటలు అనాల్సిన చోట ఒక మాటతో సరిపెట్టుకుంటూ. ఫోన్ చేస్తానన్నావు, చెయ్యకు. ఫోన్ ఉన్నది మన బార్ కౌంటర్ మీద. నువ్వు అక్కడ తుమ్మితే ఇక్కడ కూరగాయల బజారంతా చిరంజీవ అంటుంది.

మిరెల్లా వాళ్ళ అమ్మానాన్నల్ని పదిహేడో తేదీ ఆదివారం సాయంత్రం ఆరింటికి నీ గదికి పిలిచావన్నమాట. మంచి పని చేశావు. పిల్లనివ్వమని నోరు తెరిచి అడిగేముందు వాళ్ళ చేతికి ఒక గ్లాసు ఇవ్వడం మర్యాద. ఆ పిల్ల తండ్రి ఎవాజియో గారు ట్రాము కంపెనీలో ముప్పయ్యొక్కేళ్ళు టిక్కెట్ ఇన్‌స్పెక్టరుగా చేశాడని రాశావు. అలాంటివాళ్ళు ప్రతిదీ వెనక్కి తిప్పి కూడా చూస్తారు. అందుకని ఒళ్ళు దగ్గర పెట్టుకుని చదువు.

పార్సిల్లో మన ఎర్ర బిట్టర్ మందు సీసా పంపుతున్నాను, చొక్కాల మధ్య చుట్టి. కురచగా, అడుగు మందంగా ఉన్న గ్లాసులు తీసుకో. కాడ ఉన్న గ్లాసులు పువ్వులు పెట్టుకోవడానికి. రెండు ఐసు ముక్కలు. దాని మీద సగం దాకా తెల్ల వైను. ఆ తర్వాత బిట్టర్, వైనులోకి ఎర్రగా దిగడం కంటికి కనపడేలాగ. సోడా చివర, రెండు చుక్కలు, భయపెట్టడానికి మాత్రమే. ఒక్కసారి కలుపు, రెండుసార్లు కలిపితే అది మందు కాదు, దగ్గుమందు. ఒక నారింజ చెక్క, పుల్లకి గుచ్చిన ఒక ఆకుపచ్చ ఆలివ్ కాయ.

ఇక అసలు సంగతి. బల్ల మీద మనిషికి మూడు ఆలివ్ కాయలు, అందరికీ కలిపి ఒక గిన్నెడు బంగాళాదుంప చిప్స్. అంతే. ఇంకేదైనా పెట్టావో, "పాపం ఇంట్లో తిండి లేదేమో" అని వాళ్ళ మొహం మీద అన్నట్టే. బిట్టర్ ఉన్నది ఆకలి పుట్టించడానికి, తీర్చడానికి కాదు. ఏడుంబావుకల్లా వాళ్ళే లేచి, ఆకలి మోసుకుని ఇంటికి పోతారు. మర్యాదస్తుల పద్ధతి అది.

తూరిన్ వాళ్ళు వెర్ముత్ అనే తియ్యటి కషాయం తాగి తాగి నాలిక మొద్దుబారినవాళ్ళు. మన బిట్టర్ నాలిక మీద తియ్యగా దిగి గొంతులో చేదుగా తేలుతుంటే ఏమైపోతారో చూడాలని నాకు మహా సరదాగా ఉంది. తు చ తప్పకుండా చేసి, ఏమైందో రాయి.

ముద్దులు, మోకాలి నొప్పితో,
పాల్మీరా అత్త


తూరిన్
18 అక్టోబర్ 1976

అత్తా,

నువ్వు దేవతవి. ఆఫీసులో నక్షాలు గీసే బల్ల ముందు కూచుని, మా పైఅధికారి చూడకుండా రాస్తున్నాను. నిన్న అంతా నువ్వు చెప్పినట్టే చేశాను. గ్లాసులు గది అద్దెకిచ్చిన ఇంటావిడ దగ్గర అడిగి తెచ్చాను. ఆలివ్ కాయలు లెక్కపెట్టి పెట్టాను, పన్నెండు.

సరిగ్గా ఆరింటికి వచ్చారు. ఎవాజియో గారు కోటు గుండీలన్నీ పెట్టుకుని, ఆవిడ కొత్త టోపీతో. మిరెల్లా నావైపు చూసి నవ్వింది. ఆయన గ్లాసు దీపానికేసి ఎత్తి చూశాడు, వాసన చూశాడు, తాగాడు. "ఊఁ" అన్నాడు. తర్వాత బల్ల వైపు చూసి, "మరి?" అన్నాడు. ఇంకా కావాలంటున్నాడని మళ్ళీ పోశాను. కాసేపటికి మళ్ళీ "మరి?" అన్నాడు. మళ్ళీ పోశాను. అత్తా, నాలుగు విడతలు తాగారు! ఏడుంబావుకి వెళ్ళిపోతారన్నావు కదా, తొమ్మిదిన్నర దాకా కదల్లేదు. ఆవిడ నా గోడ మీద క్యాలెండర్ చూసి పడీ పడీ నవ్వింది. ఎవాజియో గారు నిలబడి వాళ్ళ పటాలం పాట మూడు చరణాలు పాడాడు. వెళ్ళేటప్పుడు నా భుజం పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు.

పిల్లని అడగడానికి సందు దొరకలేదు. అయినా అడగక్కర్లేదనిపించింది. ఇంత ఇష్టంగా కూచున్నవాళ్ళు కాదంటారా?

మావయ్యకి నా నమస్కారాలు.
దనీలో


పాదువా
22 అక్టోబర్ 1976

నా బంగారుకొండా,

తొమ్మిదిన్నర దాకానా! మీ మావయ్య నన్ను అడగడానికి వచ్చినప్పుడు మా నాన్న ఏడింటికే తలుపు తెరిచి పట్టుకున్నాడు. వచ్చినవాళ్ళు లేవడం మర్చిపోయారంటే సంబంధం కుదిరినట్టే.

బార్‌లో అందరికీ చెప్పేశాను. చేపలమ్మే ఇద్దరు అక్కచెల్లెళ్ళూ ఏడ్చారు, వాళ్ళు దేనికైనా ఏడుస్తారనుకో. మన చర్చి ఫాదర్‌కి కూడా ఒక మాట చెవిన వేసి, వసంతంలో శనివారాలు ఏవి ఖాళీయో కనుక్కున్నాను. కొత్త చెప్పులు కూడా కొన్నాను, పెళ్ళిదాకా అలవాటు చేసుకోవాలి కదా.

వెర్ముత్ వాళ్ళని బిట్టర్‌తో పడగొట్టావు. పాదువా చుట్టూ ఇరవై కిలోమీటర్లలో ఏ బార్‌లోనైనా నువ్వు పని చెయ్యగలవు. తేదీ ఎప్పుడో వెంటనే రాయి.

ఉప్పొంగిపోతున్న,
పాల్మీరా అత్త

మావయ్య ఇక్కడ ఒక మాట రాయమంటున్నాడు: "శుభం."


తూరిన్
29 అక్టోబర్ 1976

అత్తా,

చెప్పులు తిరిగిచ్చెయ్యి. ఫాదర్‌ని కూడా ఆపు.

మంగళవారం నుంచి మిరెల్లా నాతో మాట్లాడలేదు. నిన్న సాయంత్రం చేతితొడుగుల దుకాణంలో తన పని అయ్యాక గుమ్మం దగ్గర పట్టుకుంటే అప్పుడు చెప్పింది. తూరిన్‌లో ఆదివారం సాయంత్రం ఆరింటికి రమ్మని పిలిస్తే దాని అర్థం ఒకటేనట: "రాత్రి భోజనం మా ఇంట్లోనే." చల్లటి దూడమాంసం, ఆకుపచ్చ పచ్చట్లో చేపలు, గుడ్డట్లు, నాలుగు రకాల చీజు, పండ్లు. చేతిలో గ్లాసు, బల్ల నిండా పళ్ళేలు. అది తెలిసినవాళ్ళు కాబట్టి వాళ్ళు పొద్దున కాఫీ తర్వాత ఏమీ తినలేదు. నా గదికి వచ్చి మూడేసి ఆలివ్ కాయల ముందు కూచున్నారు. ఆయన "మరి?" అన్నది భోజనం ఏదని. నేను మందు పోశాను. మర్యాదకి తాగారు. మళ్ళీ "మరి?" మళ్ళీ పోశాను. తొమ్మిదిన్నర దాకా కూచున్నది ఇష్టంతో కాదత్తా, వంటింట్లోంచి ఏదైనా వస్తుందన్న ఆశతో. నా గదికి వంటిల్లే లేదు.

ఇంకా ఘోరం ఉంది. ఖాళీ కడుపు మీద నాలుగు గ్లాసులతో ట్రామెక్కి ముగ్గురూ నిద్రపోయారు. ఎవాజియో గారు టిక్కెట్టుకి చిల్లు వేయించుకోవడం మర్చిపోయాడు. చివరి స్టాపులో ఇన్‌స్పెక్టర్ లేపి పట్టుకున్నాడు. పట్టుకున్నది ఎవరనుకున్నావు? ఆయన దగ్గర పని నేర్చుకున్నవాడు. ముప్పయ్యొక్కేళ్ళ పరువు, అత్తా!

ఆయన ఇంట్లో ఒకటే అన్నాడట: "పాదువా వాళ్ళకి మన అమ్మాయినిస్తే ఆలివ్ కాయలు లెక్కపెట్టుకుంటూ చస్తుంది." మిరెల్లా లేకుండా నాకు ఈ ఊళ్ళో ఒక్కరోజు కూడా గడవదు. ఏం చెయ్యమంటావు?

దనీలో


పాదువా
6 నవంబర్ 1976

దనీలో,

చెప్పులు తిరిగివ్వను. తప్పు మనది కాదు.

ఆరింటికి పిలిస్తే భోజనమట! మధ్యాహ్నం తినకుండా కడుపు మాడ్చుకుని ఇంకొకడి గదికి వెళ్ళమని ఎవరు చెప్పారు? తాము పట్టిన కుందేటికి మూడే కాళ్ళంటే ఎట్లా? నాలుగు రకాల చీజు పెట్టాక ఆకలి దేనికి, ఆకలి లేనివాడికి బిట్టర్ దేనికి? మూడు వందల కిలోమీటర్ల దూరంలో మనుషులు ఇంత ఆటవికంగా బతుకుతున్నారని నాకు తెలీదు.

నువ్వేం కంగారుపడకు, ఉపాయం ఆలోచిస్తున్నాను. ఈలోగా ఒక తమాషా చెప్తాను, నవ్వుకుందువు గాని. నిన్న శుక్రవారం పదకొండింటికి ఒక పెద్దమనిషి బార్‌లోకి వచ్చాడు. గొడుగు, మెడదాకా గుండీలు, పోలీసువాడిలా నోటు పుస్తకం. గోడ మీద ధరల పట్టిక అంతా చదివాడు. గడియారం సరిగ్గా నడుస్తోందా అని అడిగాడు. బిట్టర్ ఇచ్చి పక్కన మూడు ఆలివ్ కాయలు పెట్టాను. "ఇంతేనా?" అన్నాడు. "ఇంతే" అన్నాను. "ఇదిక్కడి పద్ధతా, లేక మీ ఒక్కరి పద్ధతా?" అన్నాడు. పుస్తకంలో రాసుకున్నాడు కూడా!

నాకు ఒళ్ళు మండింది. "అయ్యా, తమరు ఎక్కణ్ణుంచి వచ్చారో తెలీదు గాని, తిండికోసం వచ్చేవాళ్ళని సత్రానికి పంపిస్తాం. మా మేనల్లుడికి తూరిన్‌లో ఒక సంబంధం చూశాం, ఆ ముగ్గురూ ఆరింటికి వచ్చి తొమ్మిదిన్నర దాకా లేని వంటింటి తలుపుకేసి గుడ్లప్పగించి చూశారు. వియ్యంకుడు గారైతే తాగి ట్రాములో పట్టుబడ్డాడు, ట్రాములవాడే!" అన్నాను. చేపల అక్కచెల్లెళ్ళు పగలబడి నవ్వారు. ఆయన నవ్వలేదు. హాస్యం తెలియని మనిషి. కానీ కదల్లేదురా! మీ మావయ్య జాలిపడి మన కౌంటర్ మీద సాయంత్రం విడిగా అమ్మడానికని చేసిపెట్టిన మాంసం ఉండలు, సగం కోసిన గుడ్లు, ఎండుచేప ముద్ద పూసిన రొట్టెలు ఆయన ముందు పెట్టాడు. ఆయన పన్నెండు తిన్నాడు, పుస్తకంలో పన్నెండు గీతలు గీసుకున్నాడు. రెండింటి దాకా నాతో వాదించి, రైలుకి టైమైందని వెళ్ళాడు. వెళ్తూ నాకు వంగి దణ్ణం పెట్టాడు.

పిచ్చివాళ్ళు ఎక్కువైపోయారు.

అత్త


తూరిన్
9 నవంబర్ 1976

అత్తా,

ఆయనే.

గొడుగూ, నోటు పుస్తకమూ, మెడదాకా గుండీలూ ఉన్న మనిషి తూరిన్ మొత్తానికి ఒక్కడే. మిరెల్లా చెప్పింది, శుక్రవారం పొద్దున "సంగతి అక్కడే స్వయంగా తేల్చుకుంటా" అని రైలెక్కాడట. నువ్వు ఆయన ముందే ఆయన సంగతి చెప్పావు. అదీ బార్‌లో. చేపల అక్కచెల్లెళ్ళ ఎదురుగా!

గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చాం. నేను ఇప్పుడు వాళ్ళ వీధిలోకి కూడా వెళ్ళలేను. అడగాల్సిన మాట ఇప్పటికీ నా నోట్లోనే ఉంది. దయచేసి ఇంకేమీ చెయ్యకు, ఎవరికీ ఏమీ చెప్పకు, ఏమీ పంపకు.

దనీలో


పాదువా
20 నవంబర్ 1976

దనీలో,

నీ ఉత్తరం రాగానే అరగంట కుర్చీలో కూలబడిపోయాను. మీ మావయ్య "అనుకున్నా" అన్నాడు. అనుకుంటే చెప్పొద్దూ!

ఏమీ చెయ్యొద్దన్నావు. చేశాను. ఆయనకి క్షమాపణ ఉత్తరం రాశాను. పాదువా పద్ధతికి కాదు, ట్రాము సంగతి బార్‌లో చెప్పినందుకు మాత్రమే. జవాబు నాలుగో రోజుకి వచ్చింది, టైపు కొట్టి, పేరాలకి అంకెలు వేసి. మొదటి పేరా: ఎండుచేప రొట్టె తన జీవితంలో తిన్నవాటిలో అంత మంచిది లేదని ఒప్పుకుంటున్నాడు. రెండో పేరా: క్షమించాడు. మూడో పేరా: పెళ్ళికి అభ్యంతరం లేదు! ఎగిరి గంతేశావా? ఆగు. నాలుగో పేరా: పెళ్ళిలో ముందు ఎత్తే గ్లాసు వెర్ముత్ అయితేనే.

నేను ఊరుకుంటానా? పెళ్ళికొడుకు పాదువావాడు, గ్లాసు పాదువాది. అలాగే రాశాను. వెంటనే ఇంకో ఉత్తరం వచ్చింది, ఈసారి బొమ్మతో: రెండు బల్లలు, మధ్యలో గీత, అటు వెర్ముత్, ఇటు బిట్టర్, అతిథులు ఏ వైపు నుంచి రావాలో బాణం గుర్తులు. బల్ల పొడవు ఎడమవైపు తక్కువుందని నేను కనిపెట్టాను. రెండూ కలిపి ఒకే గ్లాసులో పొయ్యమని ఎవరో సలహా ఇచ్చారు, ఆ విషయంలో మాత్రం ఆయనా నేనూ ఒక్క మాట మీద ఉన్నాం: అలా చేసేవాళ్ళని ఉరితీయాలి.

మొండివాడే గాని పద్ధతి ఉన్న మనిషి. ఇది తేలేదాకా పెళ్ళి తేదీ పెట్టడానికి వీల్లేదని ఇద్దరం అనుకున్నాం. వచ్చే వేసవికైనా తేలుతుంది. నువ్వు ఆ పిల్లకి చెప్పు, నారింజ చెక్క మీద మాత్రం నేను వెనక్కి తగ్గనని.

నీ మేలుకోరే,
అత్త


తూరిన్
2 డిసెంబర్ 1976

అత్తా,

ఇన్నాళ్ళూ నీకు రాయలేదు. నీ మీద కోపంతోనే రాయలేదు, ఉన్నమాటే చెప్తున్నాను.

నారింజ చెక్క సంగతి మిరెల్లాకి చెప్పాను. నువ్వు చెప్పమన్నావు కదా. తను తొడుగులు సర్దుతూ విని, అన్నీ అరలో పెట్టేసి, అప్పుడంది: "నువ్వూ, మీ అత్తా, మా నాన్నా, ముగ్గురూ కలిసి పెళ్ళి చేసుకోండి. నేనొచ్చి సాక్షి సంతకం పెడతాను." తర్వాత అరువు తెచ్చుకున్న పుస్తకాలన్నీ నా చేతిలో పెట్టింది. "రెండు నెలల నుంచి మీ అత్త ఏమందో చెప్తున్నావు, మా నాన్న ఏమన్నాడో చెప్తున్నావు. నీకేం కావాలో ఇంతవరకూ నాకు తెలీదు. నాకేం కావాలో నువ్వు అడగలేదు." దుకాణం తలుపు మూసింది.

ఎనిమిది రోజులు ఆ గుమ్మం ముందు నిలబడ్డాను. తొమ్మిదో రోజు వానలో తడుస్తుంటే బయటికొచ్చింది. "నాకు నువ్వు కావాలి" అన్నాను. ఇన్నాళ్ళూ నోట్లో నానిన మాట అంత చిన్నదని నాకే తెలీదు. తర్వాత, "నీకేం తాగాలనుంది?" అన్నాను.

అత్తా, తను ఏడ్చింది. తనకి చేదు పడదు. వెర్ముతూ పడదు, బిట్టరూ పడదు. వాళ్ళ నాన్న ఆదివారం పోసేది చిన్నప్పటినుంచీ పూలకుండీలో పారబోస్తోందట. ఆ రోజు నా గదిలో కూడా నాలుగు గ్లాసులూ కిటికీ దగ్గరున్న ఇంటావిడ జెరేనియం మొక్కకే పోసింది. అది ఎందుకు చచ్చిపోయిందో ఇప్పుడు అర్థమైంది. మరి ట్రాములో తను కూడా ఎందుకు నిద్రపోయిందంటే, ఆకలితో. ఈ పెళ్ళి గురించి మీరు రాసుకున్న ఉత్తరాల్లో ఒక్కదాంట్లో కూడా తన పేరు లేదట, వాళ్ళ నాన్న దస్త్రం అంతా వెతికి చూసుకుంది.

వేడి చాక్లెట్ కావాలంది. మూలమీది దుకాణంలో కూచుని, నాలుగు గంటలప్పుడు, ఇద్దరం చెరో కప్పు తాగాం. అక్కడే తేదీ పెట్టుకున్నాం. జనవరి 15, శనివారం, మునిసిపల్ ఆఫీసులో. మీరు వస్తే మాకు సంతోషం. ఏం పోస్తామో మేము చూసుకుంటాం, మీరు చెప్పొద్దు.

దనీలో


పాదువా
7 డిసెంబర్ 1976

దనీలో,

నీకు మూడు పేజీలు రాసి చింపేశాను. మొదటి పేజీ నిండా తిట్లే. రెండోదాంట్లో చాక్లెట్ తాగాక మనిషికి ఆకలెలా పుడుతుందని అడిగాను. మూడో పేజీ సగంలో ఉండగా కలం ఆగిపోయింది. ముప్పయ్యెనిమిదేళ్ళుగా ఈ కౌంటర్ వెనక నిలబడి, మనిషి మొహం చూసి ఏం పోయాలో చెప్పగలనని ఊరంతా చెప్పుకుంటూ తిరిగాను. "నీకేం కావాలి?" అని అడిగింది ఎప్పుడో ఎంత గింజుకున్నా గుర్తుకు రాలేదు. ఆ పిల్ల ముందు నాకు సిగ్గేసింది.

అందుకని నిన్న సాయంత్రం ఆరింటికి మీ మావయ్యకి రోజూలాగే బిట్టర్ కలిపి తెచ్చి, బల్ల మీద పెట్టకుండా చేతిలోనే పట్టుకుని అడిగాను. "ఏవయ్యా, నీకిది ఇష్టమేనా?"

చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు. "లేదు" అన్నాడు.

"ఎప్పట్నించి?"

"మొదట్నించీ. చేదుగా ఉంటుంది."

"ముప్పయ్యెనిమిదేళ్ళు ఎందుకు తాగావు మరి?"

దనీలో, ఆయన ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. "పొద్దున ఐదింటినుంచి రాత్రి దాకా నువ్వు నిలబడే ఉంటావు పాల్మీరా. ఈ గ్లాసు తెచ్చినప్పుడు ఒక్కసారే వచ్చి నా పక్కన కూచుంటావు, నేను తాగడం అయ్యేదాకా. అందుకే మెల్లిగా తాగుతాను" అన్నాడు.

బార్ నిండా జనం ఉన్నారు, అందరి ముందూ ఏడ్చేశాను. చేపల అక్కచెల్లెళ్ళు కూడా ఏడ్చారు, ఈసారి వాళ్ళని ఏమీ అనలేదు. కళ్ళు తుడుచుకుని, "రేపట్నించి ఏం తెమ్మంటావు?" అని అడిగాను.

"ఏదీ వద్దు, కూచో" అన్నాడు.

మిరెల్లాకి మా ఇద్దరి ముద్దులు. జనవరి పద్నాలుగు సాయంత్రం రైలుకి వస్తున్నాం, చేతులూపుకుంటూ వస్తాం.

మీ అత్త పాల్మీరా